కూర్చోమనకండి

“కూర్చోమ్మా, ఎంతసేపని నిలబడతావు” అంటూ ఆసుపత్రి వరండాలో బల్ల మీది పెద్దాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆయన చల్లగా ఉండాలి గానీ, ఈ లోకంలో తనకు పగవాళ్ళంటూ ఉంటే అది ఇలా జరిగి చోటిచ్చే మంచివాళ్ళేనని బొంగరం అనుకుంది. పర్లేదండీ అని, గోడ దాకా నడిచి, తిరిగి, బరువు చూసే యంత్రం దాకా నడిచి, మళ్ళీ తిరిగింది. అటు పదకొండు అడుగులు, ఇటు పదకొండు. మధ్యలో నేల మీద ఒక పలక పగిలి ఉంది, దాని మీద కాలు పెట్టకూడదని నియమమేమీ లేదు, పెట్టవచ్చు, పెట్టింది కూడా, ఎందుకంటే దాన్ని దాటుకుంటూ నడిస్తే చూసేవాళ్ళు ఇంకేదో అనుకుంటారు. చూసేవాళ్ళంటే ఎవరో కాదు, వదిన. వదిన ఫైలు ఒళ్ళో పెట్టుకుని, నంబరు చీటీ వేలికి చుట్టుకుని తననే చూస్తోంది, ఆ చూపులో ప్రేమ లేకపోతే ఎంత హాయిగా ఉండేది, నాలుగు మాటలని దులిపేసుకునేది. చీటీలో ఇరవై ఆరు. లోపలికి పద్దెనిమిది వెళ్ళింది. ఒక్కొక్కరికి ఆరేడు నిమిషాలు, ఈ లెక్కన ఇంకో గంట, ఈ గంటలో ఒక వాక్యం తయారు చేసుకోవాలి, ఒక్కటంటే ఒక్కటి, డాక్టరు దాన్ని జబ్బు కింద రాసుకోవడానికి వీల్లేని వాక్యం.

బొంగరమన్న పేరు మిల్లులో వాళ్ళు పెట్టింది, పెట్టినప్పుడు అది పొగడ్తే. నూలు వడికే షెడ్డులో ఆమె పని తెగిన పోగులు అతకడం. ఒక్కో మిషను చిన్న వీధంత పొడుగు, అటూ ఇటూ వందల కండెలు గిర్రున తిరుగుతుంటాయి, ఎక్కడో ఒక పోగు తెగుతుంది, ఆ హోరులో చెవికేం తెలుస్తుంది, కన్నే పట్టుకోవాలి, పరుగున వెళ్ళి ఆ ఒక్క కండెను ఆపి, కొస వెతికి, చిన్న కొక్కెంలోంచి దూర్చి, పైన రోలరు నుంచి దిగే దూది పాయకు తాకిస్తే అతుక్కుంటుంది, ఊపిరి తీసి వదిలేలోగా అయిపోవాలి, ఆలోగా ఇంకో నాలుగు చోట్ల తెగి ఉంటుంది. ఎనిమిది గంటలూ నడకే. కూర్చోవడానికి స్టూలు కూడా ఉండదు. అందుకే మూడేళ్ళుగా ఆమె కాళ్ళకు ఏమైందో అక్కడ ఎవరికీ తెలియలేదు, అందరూ నడిచే చోట ఆగలేనిది ఒకతె ఉంటే దాన్ని జబ్బంటారా, పనిమంతురాలంటారు. పట్టుబడింది కాళ్ళ వల్ల కాదు, నోటి వల్ల. మిషనుతో మాట్లాడుతోందని ఎవరో అన్నారు, సూపర్వైజరు రెండు రోజులు స్తంభం చాటు నుంచి చూశాడు, చూసి, పిలిచి, ఆయనా మంచివాడే, ఎంత మెల్లగా చెప్పాడో, నీ ఆరోగ్యం బాగుందని డాక్టరు దగ్గర కాగితం పట్టుకురా, లేకపోతే చెత్త దూది గదిలో వేస్తాను, సుఖంగా కూర్చుని ఏరుకునే పని అన్నాడు. సుఖంగా కూర్చుని. ఎనిమిది గంటలు. ఆ రాత్రి ఆమెకు కోపంతో అన్నం దిగలేదు.

కూర్చోవడమంటే ఏమిటో ఒక్కసారి వీళ్ళకు తెలిస్తే బాగుండును. నెలనెలా ఇక్కడ వేసే సూది వేయించుకున్న మూడో రోజు మొదలవుతుంది. మోకాళ్ళ లోపల, ఎముకలో అన్నా కాదు కండలో అన్నా కాదు, ఒక తొందర. ఎక్కడికో వెళ్ళాలి, ఇప్పుడే వెళ్ళాలి, ఎక్కడికో తెలియదు. లేచి నడిస్తే పది అడుగుల పాటు తగ్గుతుంది, ఆగితే మళ్ళీ వస్తుంది. సినిమాకు వెళ్ళడం మానేసింది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని కాలు మార్చి కాలు మీద నిలబడుతుంది. భోజనం వంటింటి గట్టు దగ్గర నిలబడే. నిద్ర సరేసరి. పాతవాళ్ళు శత్రువుని తిట్టేటప్పుడు నీకు కాలు నిలవకుండా పోను అని ఎందుకు తిట్టలేదో, ఇంత మంచి శాపం చేతిలో పెట్టుకుని నీ ఇల్లు కూలా దగ్గరే ఎందుకు ఆగిపోయారో ఆమెకు అర్థం కాదు. పందొమ్మిది నంబరు అని కేక వినిపించింది. ఒకావిడ లేచింది, ఆవిడ చెయ్యి నడుస్తున్నప్పుడు ఊగడం లేదు, ఒంటికి అతికించినట్టు ఉంది, అయ్యో ఈ సూది నీక్కూడానా తల్లీ అనుకుంది, అనుకుంటే పెదవులు కదిలాయి, తనే కదిపిందో లేక అవే కదిలాయో.

నోటి సంగతి అది. ఏడాదిగా దాని పాటికది నములుతుంది. లోపల ఏమీ ఉండదు. పెదవులు ముడుచుకుంటాయి, విచ్చుకుంటాయి, నాలుక ఎడమ బుగ్గను ఒకసారి పొడిచి, బయటికి తొంగి చూసి, లోపలికి పోతుంది. పళ్ళు బిగబట్టి ఆపుకోవచ్చు, ఒక నిమిషం, పోనీ రెండు, తర్వాత అసలుకు వడ్డీ కలిపి నమిలేస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అమ్మ ప్రతిదానికీ అంటూ ఉండేది, గడియ బాగు చేయిస్తే తలుపు పడకపోయినా అదే మాట, చొక్కా చిరుగు కుడితే భుజం పట్టేసినా అదే మాట, పాపం ఆ సామెత ఎవరి ఇంట్లోనూ ఇంత అక్షరాలా జరిగి ఉండదు. నవ్వొచ్చింది. దాన్ని దగ్గు కింద మార్చుకుంది. ఒక్కతే నవ్వుకోవడం ఇంకెక్కడైనా చెల్లుతుంది గానీ ఈ వరండాలో చెల్లదు, వదిన అప్పుడే తలెత్తింది కూడా.

సరే, వాక్యం. కాళ్ళలో ఏదో పాకుతున్నట్టుందండీ. ఏం పాకుతోంది, పురుగులా, కనిపిస్తున్నాయా అంటాడు, రాసుకుంటాడు. కొట్టెయ్. నా కాళ్ళే నన్ను నడిపిస్తున్నాయండీ. ఎవరో నడిపిస్తున్నట్టు అనిపిస్తోందా, రాసుకుంటాడు. కొట్టెయ్. నాలుక నా మాట వినడం లేదు. అమ్మో, అది అసలే వద్దు. మందు వల్లే ఇదంతా. మందులో ఎవరైనా ఏమైనా కలుపుతున్నారని అనుమానమా అమ్మా. మీరు నా మాట వినిపించుకోవడం లేదు. అదీ అనుమానమే. గట్టిగా చెబితే ఆవేశం, మెల్లగా చెబితే దిగులు, ఊరుకుంటే ముభావం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడితో వాదించవచ్చు, కుందేలును చూపించి లెక్కపెట్టించవచ్చు, ఇక్కడ కుందేలు తనే, నాలుగో కాలు ఉందంటే చాలు, అదిగో, లేని కాలు కనిపిస్తోంది అంటారు. గోడ వచ్చింది. తిరిగింది. పదకొండు. మామూలు మనుషులకు మాటలు ఎంత చవకో కదా, కాలు లాగుతోంది అంటారు, నరం గుంజుతోంది అంటారు, తల పగిలిపోతోంది అంటారు, పగలదని అందరికీ తెలుసు, ఒక్కరూ రాసుకోరు.

అంత మాత్రాన జబ్బు లేదని కాదు. ఉంది. ఎంత ఉందో ఆమెకు తెలిసినంత ఈ భవనంలో ఎవరికీ తెలియదు. ఇరవై రెండో ఏట మిషన్ల హోరులోంచి ఒక మగ గొంతు ఆమె అడుగులు లెక్కపెట్టడం మొదలెట్టింది, దాని వెనకే ఒక ఆడ గొంతు ప్రతి అడుగుకూ తప్పు పట్టేది, చివరికి ఒక పూట షెడ్డులో అందరి జుట్టూ మిషన్లో పడబోతోందని అవి చెబితే నమ్మి, పరుగెత్తి వెళ్ళి కరెంటు మెయిను దించేసింది. నూట ఇరవై మంది చీకట్లో నిలబడ్డారు. అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో ముందూ లేదు, తర్వాతా లేదు, ఆ నిశ్శబ్దంలో కూడా ఆ రెండు గొంతులూ ఆగలేదు, అవి మిషన్లలోవి కావని అప్పుడు తెలిసింది ఆమెకు. ఆ గొంతులను నొక్కింది ఈ సూదే, ఈ నూనెలాంటి పాత మందే, ఆ మేలు ఆమె మరవలేదు, మరవదు. ఒకసారి తెలివి మీరి మానేసి చూసింది. ఏడో వారానికి లెక్క మళ్ళీ మొదలైంది, అన్నయ్య ఎక్కడో బస్టాండులో వెతికి పట్టుకొచ్చాడు. అందుకే ఇప్పుడు పదకొండు అని లెక్కపెడుతున్నది తనే అని ఆమెకు నిక్కచ్చిగా తెలుసు, తన లెక్కకు తన గొంతే ఉంటుంది, ఆ తేడా తెలియడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది, ఇప్పుడు ఎవరో వచ్చి ఆ తేడా నీకు తెలియదంటే ఒప్పుకుంటుందా.

ఇరవై ఒకటి. ఇంకా ఐదుగురు. సూది మొదలుపెట్టిన మొదటి వారమే మెడ ఎడమకు తిరిగిపోయి, కళ్ళు పైకప్పుకు అతుక్కుపోయి, అన్నయ్య మొహం చూడాలంటే వీలుకాక, అన్నయ్య గొంతు మాత్రం వింటూ పడుకున్న రోజు ఒకటి ఉంది, ఇంకో సూదితో అరగంటలో విడిచింది, విడిచాక అందరూ మరిచిపోయారు, మెడ మరవలేదు. రెండో ఏడు నెలసరి ఆగిపోయింది. ఆ తర్వాత ఒక పొద్దున రవిక ముందు భాగం తడిసింది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, పాలు వచ్చాయి. అమ్మ ఆ తడి చూసి, తన మొహం చూసి, తలుపు వేసి, ఒక్క మాట అడిగింది, ఎవరే అని. అంతే. ఎవరూ కాదమ్మా, మందు అని చెప్పడానికి అప్పుడు తనకు తెలిస్తే కదా. అమ్మ నెల రోజులు తన చేతి నీళ్ళు తాగలేదు. తర్వాత ఎవరో నర్సు, అది ఈ మందుతో మామూలేనమ్మా అని చెప్పింది, మామూలేనట, ముందే చెబితే నోరు అరిగిపోతుందా. అమ్మ ఏడ్చింది, తన కాళ్ళు పట్టుకోబోయింది, పట్టుకోనివ్వలేదు. ఆ అమ్మ పోయిన రోజు తన మొహం కదల్లేదు. లోపల ఇల్లు కూలిపోతోంది, మొహం మాత్రం గట్టిపడి అలాగే ఉంది, రెప్ప కొట్టుకోవడం కూడా తక్కువ, వచ్చినవాళ్ళు చూశారు, కన్నతల్లి పోతే కంట చుక్క లేదు చూశావా అన్నారు, విన్నది, వినిపించాలనే అన్నారు. నాకు ఏడుపు ఉంది, మొహం లేదు, అని అప్పుడు చెప్పాల్సింది. ఇప్పుడు తడుతోంది ఆ వాక్యం, మూడేళ్ళ తర్వాత.

ఏడుపు మొహంలోకి రాకపోతే ఎక్కడికి పోతుంది, కాళ్ళలోకి పోయింది. దినాలు అయ్యేదాకా హాల్లో అటూ ఇటూ తిరిగింది, తల్లి పోయిన మనిషి తిరగదా. వదిన ఆ నెల లోపలి గదిలో, ఇదే డాక్టరుతో, బెంగగా, నిజంగా బెంగతోనే, అమ్మాయికి కుదురు లేదండీ అంది. ఆయన తల వంచుకునే మందు పెంచాడు. పెంచిన మూడో రోజుకు అసలైన కుదురులేనితనం వచ్చి కూర్చుంది, అదొక్కటే కూర్చుంది ఆ ఇంట్లో. మళ్ళీ నెల వదిన, ఇంకా కుదురు లేదండీ. మళ్ళీ పెంచాడు. నిప్పు మీద నూనె పోసి, ఆరలేదే అని ఇంకో చెంబు పోసినట్టు, ఇద్దరూ మంచివాళ్ళు, ఇద్దరూ ఆర్పుదామనే. నోరు మొదలైనప్పుడు కూడా అంతే, తనలో తను మాట్లాడుకుంటోంది అంది వదిన, ఇంకొంచెం పెరిగింది, రెండు నెలలు నోరు ఊరుకుంది కూడా, చూశారా తగ్గింది అన్నారు అందరూ, తర్వాత రెట్టింపై తిరిగొచ్చింది.

అప్పుడు మిల్లు పద్ధతి గుర్తొచ్చింది. ఏ మిషను మీద పోగులు ఎక్కువ తెగుతున్నాయో తెలియాలంటే గంటకోసారి సుద్దముక్కతో గీతలు పెడతారు, తెగినదానికల్లా ఒక గీత, వారం తర్వాత చూస్తే తప్పు దూదిదో, రోలరుదో, మనిషిదో గీతలే చెబుతాయి, ఎవరినీ తిట్టక్కర్లేదు. తనూ బీరువా తలుపు లోపలి వైపు పెట్టింది. రాత్రి ఎన్నిసార్లు లేచిందో అన్ని గీతలు, సూది వేసిన రోజు ఒక సున్నా. సున్నా పక్కన రెండు రోజులు పలచన, మూడో రోజు నుంచి పొలం దున్నినట్టు గీతలు, చివరి వారానికి మళ్ళీ పలచన, మళ్ళీ సున్నా. మూడు నెలలు పెట్టింది. ఒక మధ్యాహ్నం షిఫ్టు నుంచి వచ్చేసరికి తలుపు తడిగుడ్డతో తుడిచి ఉంది. వదిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మళ్ళీ గోడల మీద రాయడం మొదలెట్టావా, మీ అన్నయ్యకు చెప్పలేదు లే అంది, ఓదార్పుగా. ఆ క్షణం వదినను కొట్టి ఉండేది. కొట్టలేదు, ఆ కొట్టనిదానికి ఎవరూ గీత పెట్టుకోరు. మర్నాడు మిల్లులో పాత చీటీలు అడిగి తెచ్చుకుంది, వాటి మీద మళ్ళీ మొదటి నుంచి పెట్టింది, ఇంకో మూడు నెలలు, అవి ఇప్పుడు సంచిలో ఉన్నాయి. తీయాలా వద్దా. గీతలతో నిండిన చీటీల కట్ట సంచిలోంచి తీసే మనిషి ఇలాంటి గదిలో ఎలా కనిపిస్తుందో ఆమెకు తెలుసు. తీస్తుంది. ఎలా కనిపిస్తే అలా కనిపించనీ.

ఇరవై ఆరు.

గదిలో బల్ల, బల్ల వెనక డాక్టరు, బల్ల ముందు రెండు కుర్చీలు. ఆయన చూపు ఫైలులో ఉంది, పాపం పొద్దుటి నుంచీ అదే తల, అదే వంపు. “కూర్చోండి” అన్నాడు. వదిన కూర్చుంది, కూర్చుంటూనే మొదలెట్టింది. “ఏం లేదండీ, ఈ నెల కూడా అమ్మాయికి అసలు—”

“వదినా,” అంది బొంగరం. “నా కాళ్ళ సంగతి నేను చెప్తాను. నువ్వు కాసేపు ఊరుకో.”

వదిన ఫైలు ఒళ్ళోకి లాక్కుంది. అలా అనిపించుకోవడం ఆవిడకు పందొమ్మిదేళ్ళలో మొదటిసారి. డాక్టరు కలం పట్టుకుని, “కూర్చుని చెప్పండమ్మా” అన్నాడు, తల ఎత్తలేదు. గంటసేపు పేర్చుకున్న వాక్యాలు ఒక్కటీ మిగల్లేదు, అన్నీ కొట్టేసినవే, ఇక మిగిలింది కొట్టేయడానికి కూడా వీల్లేని మాట.

“కూర్చోలేను. అది చెప్పడానికే వచ్చాను. మీరు రాయడం ఆపి ఒక్క నిమిషం నా మొహం చూడండి. ఇప్పుడు నేనేం మాట్లాడను.”

ఆపింది. పళ్ళు బిగబట్టలేదు, వదిలేసింది, ఏడాదిగా నలుగురిలో ఎప్పుడూ వదలనిది పూర్తిగా వదిలేసింది. నోరు నమిలింది. నాలుక బుగ్గను పొడిచింది, తొంగి చూసింది. కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నేల మార్చాయి. సిగ్గుగా ఉంది, ఒళ్ళంతా మండినంత సిగ్గు, అయినా చేత్తో నోరు మూసుకోలేదు, చూడు, నీదే ఇది, తీరిగ్గా చూడు. డాక్టరు తల ఎత్తాడు. ఆయన కళ్ళు గోధుమరంగులో ఉంటాయని ఆమెకు అప్పుడు తెలిసింది. కలం కింద పెట్టాడు. నాలుక చాపమన్నాడు, చాపితే లోపలికి పోకుండా నిలవలేదు. చేతులు ముందుకు పెట్టమన్నాడు, మణికట్టు పట్టుకుని మోచెయ్యి వంచి చూశాడు, అది పళ్ళచక్రంలా ఆగి ఆగి వంగింది. గోడ దాకా నడిచి రమ్మన్నాడు, ఆ పని ఆమెకు బాగా వచ్చు. చీటీలు తీసి బల్ల మీద పెట్టింది. సున్నా ఏమిటి అన్నాడు, సూది అంది. ఆయన వేలు సున్నా నుంచి మూడో రోజుకు వెళ్ళి అక్కడ ఆగిపోయింది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“కాళ్ళు మూడేళ్ళు. నోరు ఏడాది. నెలనెలా ఇక్కడికే వచ్చాను, ఈ కుర్చీ పక్కనే నిలబడ్డాను.”

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన చీటీలు వరసగా పేర్చుకున్నాడు. తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, దాచలేదు, అందుకు ఆమె ఆయన్ని కొంత క్షమించింది. ఈ పాత మందు మెల్లగా తగ్గించి కొత్తరకం దానికి మారుద్దాం, కాళ్ళు చాలావరకు సర్దుకుంటాయి. నోరు మాత్రం చెప్పలేను, తగ్గవచ్చు, కొందరికి ఉండిపోతుంది. మార్చేటప్పుడు పాత గొంతులు వచ్చే ప్రమాదం ఉంది.

“వస్తే నేనే వచ్చి చెప్తాను. వాటి గొంతులు నాకు తెలుసు,” అంది. “నోరు పోకపోతే పోకపోనీండి, దాంతోనే పని చేసుకుంటాను. నాకు కాగితం కావాలి. సూపర్వైజరుకి ఇవ్వాలి.”

ఆయన తలూపి, ఒక కాగితం లాగి, నాలుగు వాక్యాలు రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆమె నిలబడే చదివింది, వణుకు తగ్గడానికి ఇచ్చే మాత్రతో దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి కాబట్టి చెయ్యి బారుగా చాపి పట్టుకుని, ఒక్కో మాటా చదివింది. ఈమె జబ్బు అదుపులో ఉంది. నిలబడి చేసే పనికి అర్హురాలు. నోటి కదలికలు జబ్బు లక్షణాలు కావు. మందుల వల్ల కలిగినవి. వదిన లేచి, ఫైలు సర్దుకుని, పద అమ్మాయ్, అయిపోయిందిగా అంది.

“అవలేదు,” అంది బొంగరం. కాగితం తిప్పి ఆయన ముందు పెట్టింది. “మందుల వల్ల అని రాశారు. ఏ మందులని అడుగుతారు. ఇదేదో నేను మింగిందనుకుంటారు. ఎవరిచ్చారో రాయలేదు.”

“అలా రాసే పద్ధతి లేదమ్మా.”

“తెలుసండీ. రాయండి.”

బయట ఇరవై ఏడు ఎవరో తలుపు దగ్గరికి వచ్చి తొంగి చూశారు. ఆయన ఆ తలుపును చూశాడు, కాగితాన్ని చూశాడు, ఆమె కాళ్ళను చూశాడు, అవి ఒక్క చోట నిలవడం లేదు గానీ కదిలే ఉద్దేశమూ లేదు. కలం మూత తీశాడు. చివరి వాక్యం ముందున్న ఖాళీలో, ఇరుకుగా, మేము ఇచ్చిన, అని రాశాడు. పక్కన మళ్ళీ సంతకం పెట్టాడు. ఆమె ఆ రెండు మాటలూ రెండుసార్లు చదువుకుంది. ఈసారి పెదవులు కదిపింది ఆమే.